లేపి కట్టిన మడి

సోమవారం సాయంత్రం వచ్చిన గాలివానకు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర హోర్డింగు గుడ్డ ఒకటి చిరిగి, మెట్రో స్తంభానికి చుట్టుకుని టపటపా కొట్టుకుంటూ ఉండిపోయింది. చిల్కానగర్‌లో కరెంటు పోయింది. కిటికీలన్నీ బిగించి హాల్లోకి వచ్చిన తేజేష్, భార్య ఇంకా బాల్కనీ తలుపు దగ్గరే నిలబడి ఉండటం చూశాడు.

"తడుస్తున్నావు బిందూ, లోపలికి రా."

"కీసర వైపు కూడా ఇలాగే ఉంటుందంటావా?"

"ఇక్కడే ఇలా ఉంటే అక్కడ ఉండదా?"

"అయితే ముప్పై ఏడు పడిపోయి ఉంటుంది," అంది బిందుమాధవి.

తేజేష్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వరి గురించి అతనికి అన్నం దాకానే తెలుసు. అయినా ముప్పై ఏడు అంటే ఏమిటని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. నాచారంలో ఒక విత్తనాల కంపెనీలో బిందుమాధవి కొత్త వరి రకాలు తయారుచేస్తుంది. ముప్పై ఏడు ఆమె సొంత రకం. పెళ్లయిన కొత్తలో రెండు వరి పూలను కలిపి గింజ పట్టించిన దగ్గర్నుంచీ, ఏడాదికేడాది ఏరి, విత్తి, మళ్లీ ఏరి ఇంతదాకా తెచ్చింది. సన్న గింజ, మంచి దిగుబడి, అగ్గితెగులు దగ్గరికి రాదు. లోపమల్లా ఒకటే. మనిషి నడుము దాటి పెరుగుతుంది. వెన్ను, అంటే గింజల కంకి, బరువెక్కాక గాలి కొడితే కాండం తట్టుకోదు, చేను చేనంతా ఒరిగిపోతుంది.

దానికి పోటీగా ఉన్నది నలభై రెండు. అంతకుముందు ఆ కంపెనీలో పనిచేసి వెళ్లిపోయిన మరో శాస్త్రవేత్త తయారుచేసిన రకం. పొట్టిది, కాండం గట్టిది, ఎంత గాలికైనా నిలబడుతుంది. కానీ చలి రాత్రుళ్లలో మంచు బాగా కురిస్తే దానికి మెడవిరుపు, అంటే వెన్నుకు తగిలే అగ్గితెగులు, వస్తుంది. వెన్ను మెడ దగ్గర నల్లబడి, అక్కడికక్కడే విరిగి, గింజ పాలుపోసుకోకుండా తాలుగా ఎండిపోతుంది.

రెండింట్లో ఒక్కదాన్నే ఈ వానాకాలం విత్తనోత్పత్తికి పంపాలి. వచ్చే యాసంగికి, అంటే చలికాలపు పంటకు, అదే రైతుల చేతికి వెళుతుంది. ఆ ఎంపిక శుక్రవారం. మంగళవారం మధ్యాహ్నం కంపెనీ పెద్దలు కీసర దగ్గర వేసిన పరీక్ష మళ్లు చూడటానికి వస్తామన్నారు. గాలివాన సరిగ్గా వాళ్లు రావడానికి ముందురోజే వచ్చింది.

*

మంగళవారం పొద్దున్నే స్కూటీ మీద రాంపల్లి మీదుగా వెళుతుంటే రోడ్డుకు రెండు వైపులా వరి చేలు చాపలు పరిచినట్టు పడి ఉన్నాయి. ఒక్కోచోట మధ్యలో నాలుగు దుబ్బులు మాత్రం తలెత్తుకుని ఉన్నాయి. ఒడ్ల మీద రైతులు ఏం చెయ్యాలో తోచనట్టు నిలబడి ఉన్నారు. కీసర గుట్ట కనపడేసరికి బిందుమాధవి మనసు గట్టి చేసుకుంది. పడితే పడింది, ఉన్నది ఉన్నట్టు రాసుకోవడమే తన పని అనుకుంది.

చంద్రయ్య పొలంలో కొంత భాగం కంపెనీ కౌలుకు తీసుకుని అందులో రకానికొక మడి వేసింది. వాటిని కనిపెట్టుకుని ఉండేది చంద్రయ్యే. అరవై దాటిన మనిషి. తలకు తువ్వాలు చుట్టుకుని ఒడ్డు మీద ఎదురొచ్చాడు. మిగతా మళ్లలో సగం పడి ఉన్నాయి. నలభై రెండు నిలబడి ఉంది. దాని పక్కన ముప్పై ఏడు కూడా నిలబడి ఉంది.

బిందుమాధవి స్కూటీ స్టాండు వెయ్యడం మరిచిపోయి దాన్ని పట్టుకునే నిలబడిపోయింది. ఒక్క క్షణం గుండె నిండా సంతోషం వచ్చింది. ఆ వెంటనే, ఆ నిలబడటంలో ఏదో తేడా ఉందని కన్ను పట్టేసింది. పైరు వరసల్లో లేదు. గుంపులు గుంపులుగా ఉంది.

"పరేషాన్ గాకు మేడం, నిలబెట్టినం," అన్నాడు చంద్రయ్య.

"నిలబెట్టారా?"

"రాత్రి మొత్తం పండుకున్నది. పొద్దు పొడవక ముందే మా ఇంటామె ఇంకో ముగ్గురు ఆడోళ్లను పిలుసుకొచ్చింది. నాలుగు దుబ్బులు ఒక్కతాన జేసి కట్టినం. ఇయ్యాల పెద్దసార్లు వస్తరని నువ్వే అంటివి గద బిడ్డా. నీ వరి మన్నుల పండుకోనుంటే నీకు మాటొస్తది."

మడిలో చివరి వరస ఇంకా మిగిలి ఉంది. చంద్రయ్య భార్య సాలమ్మ అక్కడ బురదలో మోకాళ్ల దాకా దిగి ఉంది. పడిన దుబ్బుల కిందికి ఎడమ చెయ్యి పోనిచ్చి, నాలుగింటిని ఎత్తి రొమ్ముకు ఆనించుకుని, కుడిచేత్తో తడి గడ్డి రెండు చుట్లు చుట్టి కొస లోపలికి దోపుతోంది. వదిలాక అవి నిలబడతాయో లేదో ఒక్క క్షణం చూసి, నడుము ఎత్తకుండానే పక్కవాటి మీదికి వంగుతోంది. వరి ఆకు అంచులు కోసి ఆమె ముంజేతుల నిండా సన్నటి ఎర్రగీతలు పడ్డాయి. మిగతా ముగ్గురు ఒడ్డు మీద కూర్చుని కాళ్ల బురద కడుక్కుంటున్నారు. అందులో ఒకామె నడుము మీద చెయ్యి వేసుకుని లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి మళ్లీ కూర్చుంది.

"ఎందుకింత కష్టపడ్డారు సాలమ్మ గారూ?"

సాలమ్మ తల ఎత్తలేదు. "ఆయన జెప్పిండు, జేసినం," అంది.

కట్లు విప్పమనడం బిందుమాధవి వల్ల కాలేదు. విప్పితే ఈ గింజ బురదలో పడి వారం తిరిగేసరికి మొలకెత్తుతుంది. ఇంతమంది పొద్దుటి పని మట్టిలో కలుస్తుంది. మళ్ల చుట్టూ తిరిగి చూసింది. నలభై రెండులో అక్కడక్కడ తెల్లబడి ఎండిన వెన్నులు ఉన్నాయి. ముప్పై ఏడులో వెతికినా ఒక్కటి లేదు.

మధ్యాహ్నం కంపెనీ కారులో విజయభాస్కర్, ధీరజ్ వచ్చారు. విజయభాస్కర్ పరిశోధన విభాగం అధిపతి, బిందుమాధవి లాగే గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. తొందరపడి మాట్లాడడు. ధీరజ్ అమ్మకాలు చూస్తాడు. కారు దిగీ దిగకముందే ఫోను తీశాడు.

"చుట్టుపక్కల మొత్తం ఫ్లాట్ అయిపోయింది, మనది నిలబడింది. మేడం, ఇంతకంటే పబ్లిసిటీ ఏం కావాలి," అంటూ ముప్పై ఏడు ముందు చంద్రయ్యను నిలబెట్టి ఫోటో తీయబోయాడు.

బిందుమాధవి మడిలోకి దిగి ఒక గుంపుకున్న గడ్డికట్టు విప్పింది. నాలుగు దుబ్బులూ కాసేపు ఒకదాన్నొకటి ఆనుకుని ఆగి, మెల్లగా ఒరిగి బురదలో పడుకున్నాయి.

"ఇది నిలబడలేదండి. రాత్రే పడిపోయింది. పొద్దున వీళ్లు లేపి కట్టారు."

చంద్రయ్య ముఖం చిన్నబోయింది. సాలమ్మ మాత్రం పడిన ఆ దుబ్బుల వైపు చూసి, మళ్లీ బురదలో దిగి వాటిని ఎత్తి కట్టింది.

ధీరజ్ ఫోను దించాడు. తర్వాత మళ్లీ ఎత్తాడు. "లేపితే లేచింది కదా మేడం. అది కూడా ప్లస్సే," అన్నాడు.

కారు ఎక్కేముందు విజయభాస్కర్, "మీ రకమే కదండీ ఇది," అన్నాడు. మెచ్చుకోలో, హెచ్చరికో ఆమెకు అర్థం కాలేదు.

*

గురువారం మళ్లు కోశారు. కోతమిషన్ వచ్చి నలభై రెండును అటు నుంచి ఇటు ఒక ఊపులో కోసుకుపోయింది. ముప్పై ఏడు దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు దిగి చూసి, కట్లు పళ్లలో చుట్టుకుంటాయని, కట్లు విప్పితే పడిన వరి మిషన్‌కు అందదని చెప్పి వెళ్లిపోయాడు. దాన్ని సాలమ్మా, ఇంకో ఇద్దరూ కొడవళ్లతో కోశారు. మంగళవారం వచ్చిన మూడో ఆవిడ రాలేదు. తూకం వేస్తే అన్నిటికంటే ముప్పై ఏడుదే పైచేయి. పడినచోటే వదిలేసి ఉంటే ఈ తూకంలో సగం కూడా వచ్చేది కాదని బిందుమాధవికి తెలుసు.

బస్తాల మూతులు కుడుతున్న చంద్రయ్య పక్కన కూర్చుని అడిగింది. "వచ్చే యాసంగికి మీరయితే ఏది వేస్తారు చంద్రయ్య గారూ?"

"అడిగేదేముంది. ముప్పై ఏడే. సన్నగున్నది, రోగం లేదు. వెనుకొక పారి మా పొలంల మెడవిరుపు వడ్డది. దూరంకెల్లి జూస్తే చేను నిండుగ కనవడ్డది. దగ్గరికి పోయి పట్టి జూస్తే అంత తాలే. మస్తు గోసపడ్డం. పడ్డ వరినన్న లేపొచ్చు బిడ్డా. తాలైన వరిని ఏం జేసి లేపుతవ్?"

ఆ మాటలో న్యాయం ఉంది. బిందుమాధవికి మనసు కొంచెం తేలికైంది. సాలమ్మ వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"నన్నెందుకు అడుగుతవ్?"

"మీరు కూడా చేస్తున్నారు కదా సేద్యం."

సాలమ్మ కొడవలి కొస మీద ఎండిన మట్టిని బొటనవేలితో గీకింది. "నలభై రెండే," అంది.

చంద్రయ్య నవ్వాడు. "దానికి అగ్గితెగులు వస్తదే పిచ్చిదానా."

"వస్తే మందు కొడ్తవ్. కొట్టేది నువ్వు. లేపేది నేను."

చంద్రయ్య ఆ మాటను గాలికి వదిలేసి కుట్టు ముడి వేసుకున్నాడు. సాలమ్మ కొడవలి తీసుకుని ఇంటి దారి పట్టింది.

*

శుక్రవారం నాచారం ఆఫీసులో మీటింగు. రోడ్డవతల ఫ్యాక్టరీలో షిఫ్టు మారుతున్న సైరన్ ఆగేదాకా అందరూ ఆగి, తర్వాత మొదలుపెట్టారు. తెర మీద రెండు రకాల మార్కులూ పక్కపక్కన వేశారు. దిగుబడి, గింజ నాణ్యత, తెగుళ్లు, చివర్న చేను పడిపోవడం. చివరిదానికి కేటాయించిన మార్కులు తక్కువ. ఎప్పుడు, ఎవరు పెట్టిన లెక్కో గాని, ఆ కంపెనీలో మొదట్నుంచీ అంతే. దాంట్లో బిందుమాధవి తన రకానికి సున్నా వేసుకుంది. అయినా మొత్తం కూడితే ముప్పై ఏడే ముందుంది.

"సార్, ఒక మాట," అంది. "ఆ తూకం మడిది కాదు, మనుషులది. నలుగురు ఆడవాళ్లు పొద్దు పొడవకముందే వచ్చి ఎత్తి కట్టకపోతే ఆ దిగుబడి లేదు. ఇంత చిన్న మడి కాబట్టి అయింది. ఎకరాలకు ఎకరాలు ఎవరు లేపుతారు?"

"ఎప్పుడూ లేపేవాళ్లే లేపుతారు మేడం," అన్నాడు ధీరజ్. వెటకారంగా అనలేదు, తనకు తెలిసింది చెప్పాడు. "రైతు అడిగేది ఒక్కటే, సన్నాలా కాదా, రోగం వస్తుందా రాదా. మన చంద్రయ్యనే అడగండి, ఏది కావాలంటాడో."

"ముప్పై ఏడే కావాలన్నాడు. ఆయన భార్య నలభై రెండు అంది."

టేబులు చుట్టూ నవ్వులు వినిపించాయి. ధీరజ్ కూడా నవ్వి, "షాపుకు వచ్చి ప్యాకెట్ అడిగేది ఎవరు మేడం?" అన్నాడు.

ఉప్పల్ విత్తనాల షాపుల్లో ఆడవాళ్లు నిలబడి బేరం చెయ్యడం బిందుమాధవి కూడా ఎప్పుడూ చూడలేదు.

విజయభాస్కర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ముప్పై ఏడు అన్నాడు. యూరియా తగ్గించి వెయ్యమని, నాట్లు ముందుగా పూర్తి చేసుకోమని ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో రాయిద్దామన్నాడు. లేచి వచ్చి బిందుమాధవికి చెయ్యి కలిపాడు. "ఇన్నేళ్ల కష్టం. సొంత రకానికి సున్నా వేసుకున్న వాళ్లను నేను చూడలేదు. చాలు, ఇంక సంతోషంగా ఉండండి."

సంతోషంగానే ఉంది ఆమెకు. అదే ఇబ్బంది. చెప్పవలసింది చెప్పింది, వాళ్లు వినలేదు, తను ఓడిపోయింది. ఓడిపోయినందుకు లోపల ఎక్కడో హాయిగా ఉంది. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దంలో తన ముఖం నవ్వుతూ కనిపించింది. ఇంటికెళ్లి తేజేష్‌కు చెబితే అతను మిఠాయి తెస్తానని లేచాడు.

"నాకొద్దు. రేపు కీసరకు తీసుకెళతాను, అక్కడికి తెచ్చిపెట్టు," అంది.

"గెలిచి కూడా అలా ఉన్నావేంటి?"

"గెలవలేదు. పాసయ్యాను."

*

శనివారం ఆమె వెళ్లేసరికి చంద్రయ్య ఇంట్లో లేడు. కౌలు మళ్ల పక్కనే ఉన్న తన సొంత చేలో ఉన్నాడు. అక్కడ అతను వేసింది పాత రకం, కోతకు ఇంకా వారం ఉంది. అదీ సోమవారం గాలికి పడిపోయింది. మళ్లీ మబ్బు పట్టింది. తడిసిన గింజ మొలకెత్తకముందే లేపాలి. చేలో అతనొక్కడే ఉన్నాడు. తువ్వాలు నడుముకు బిగించి కట్టుకుని, వంగి దుబ్బులు ఎత్తుతున్నాడు. ఒడ్డు పక్క ఒక్క వరస సగం అయింది. ఆ కట్టినవి కూడా వదులుగా ఉండి ఒకటో రెండో మళ్లీ ఒరిగాయి. మిగతా చేనంతా పడే ఉంది.

సాలమ్మ ఒడ్డు మీద కూర్చుని ఉంది. బిందుమాధవిని చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. మిఠాయి డబ్బా తెరిచి పెడితే ఒకటి తీసుకుని తిన్నది.

"నీ వరే ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నారు."

"మంచిది బిడ్డా. కష్టపడ్డవు." చేతులు దులుపుకుంది. "గని ఆ విత్తనం మా పొలంల ఎయ్యం."

అది కోపంగా అన్న మాట కాదు. ఈసారి కూర ఏం వండాలో చెప్పినట్టు అన్నది. బిందుమాధవి చేలో వంగి ఉన్న చంద్రయ్య వైపు చూసింది.

"ఆయనొక్కడే చేస్తున్నారేం? మిగతావాళ్లు రాలేదా?"

"రారు. మంగళవారం నీ మడి లేపినోళ్లల్ల మా తోటికోడలు ఉండె గద, ఆమెకు నడుం పట్టేసింది. లేస్తే కూసోనొస్తలేదు, కూసుంటే లేవనొస్తలేదు. నిన్న ఉప్పల్ల దవాఖానకు తీస్కపోయిన్రు. మంచం దిగొద్దన్నరంట. రాత్రి ఆడోళ్లమంత ఆమె ఇంటికాడ కూసున్నం. అప్పుడే అనుకున్నం. నాటేస్తం, కలుపు తీస్తం, నిలబడ్డ వరి కోస్తం. పడ్డది మాత్రం లేపం. ఎవల చేనైనా సరే."

"మీ సొంత చేను కూడానా?"

"అందరికీ ఒక్క మాట జెప్పి, నా చేను నేను లేపుకుంటే ఏం బాగుంటది?"

ఒడ్డు మీద నడుముకు చెయ్యి పెట్టుకుని లేవలేకపోయిన మనిషిని బిందుమాధవి ఆ రోజు చూసింది. చూసి, నలభై రెండులో ఎండిన వెన్నులు లెక్క పెట్టుకోవడానికి వెళ్లిపోయింది.

చంద్రయ్య ఒడ్డు ఎక్కి వచ్చాడు. నడుము పూర్తిగా నిటారు కాలేదు. వంగే కూర్చున్నాడు. మిఠాయి ముట్టలేదు. భార్య వైపు చూడకుండా గుట్ట వైపు చూస్తూ అన్నాడు.

"పొద్దుగాలసంది జేస్తున్న. ఒక్క వరస కూడ కాలే. నేనొక్కన్ని లేపలేను గద బిడ్డా." చేతుల బురద గడ్డికి రాసుకున్నాడు. "నలభై రెండు ఇత్తనం ఉంటదా మీ దగ్గర? మందంటే కొట్టుకుంట. తిప్పలు పడుత."

"మొన్న ముప్పై ఏడే అన్నారు కదా?"

"మొన్న వీళ్లుండిరి," అన్నాడు చంద్రయ్య.

బిందుమాధవి లేచి ఒడ్డు వెంట కొంత దూరం నడిచింది. కోసిన మళ్లలో మోళ్ల మధ్య నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. నిన్న తెర మీద చివరి గడికి అంత తక్కువ మార్కులు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది. పడిన చేనును ఎవరో ఒకరు లేపుతూనే ఉన్నారు గనక ఇన్నాళ్లూ అది నష్టంలా కనపడలేదు. లేపేవాళ్లు మానేశారు. అంతే తేడా. అయినా ఫోను తీసి పేరు నొక్కేముందు ఆమె వేలు ఆగింది. ఈ ఒక్క పిలుపుతో ముప్పై ఏడు మళ్లీ సంచుల్లోకి, సంచుల నుంచి శీతల గదిలోకి వెళ్లిపోతుంది. ఇంకెప్పుడు బయటికి వస్తుందో తెలియదు. పెళ్లయిన కొత్తలో, తేజేష్ కారులో ఎదురుచూస్తుంటే, ఎండలో గొడుగు కింద కూర్చుని ఆ రెండు పూలను కలపడం గుర్తొచ్చింది.

నొక్కింది.

"సార్, ముప్పై ఏడు ఆపుదాం. నలభై రెండు పంపిద్దాం."

విజయభాస్కర్ ఎక్కడో రోడ్డు మీద ఉన్నట్టున్నాడు, హారన్లు వినిపిస్తున్నాయి. "నిన్ననే కదండీ అయిపోయింది. మెడవిరుపు వచ్చిందంటే నలభై రెండు వేసిన ప్రతి రైతూ మన గుమ్మం ముందుకొస్తాడు."

"వస్తుంది సార్. వస్తుందని ముందే చెప్పి అమ్ముదాం. వెన్ను బయటికి రాకముందే, పొట్ట దశలో మందు కొట్టమందాం. దానికి మందు ఉంది. పడిపోయినదాన్ని లేపడానికి ఇక్కడ మనుషులు లేరు. పడినది లేపం అని ఊళ్లో ఆడవాళ్లంతా చెప్పేశారు. చంద్రయ్య గారే నలభై రెండు అడుగుతున్నారు."

"ఇది నిన్న చెప్పి ఉండాల్సింది మీరు."

"పడిందని నిన్న చెప్పాను సార్. లేపరని ఇవాళ తెలిసింది."

విజయభాస్కర్ నిట్టూర్చాడు. "ఒక్క ఊరు చూసి నిర్ణయం మార్చమంటున్నారు."

"సోమవారం ఇంకో నాలుగు ఊళ్లు తిరుగుదాం రండి. ఈసారి ఒడ్డు మీద నిలబడి మగవాళ్లను ఒక్కళ్లనే అడగొద్దు."

"ధీరజ్ ఒప్పుకోడు."

"ఆయన్నీ తీసుకురండి."

హారన్ల మధ్య అతను ఏదో అన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. "వస్తానన్నాను," అన్నాడు విజయభాస్కర్. "విత్తనోత్పత్తికి పంపే సంచులు అప్పటిదాకా ఆపమని గోదాముకు చెబుతాను. మీ రకం అండీ, బిందుమాధవి గారూ. బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచించానండి," అని ఫోను పెట్టేసింది.

తిరిగి వచ్చేసరికి సాలమ్మ డబ్బా మూత పెట్టి, తోటికోడలికి ఇస్తానని ఒళ్లో పెట్టుకుంది. జరిగింది బిందుమాధవి రెండు మాటల్లో చెప్పింది. చంద్రయ్య విని, "అంత కష్టం మట్టిపాలాయె గద," అన్నాడు. నిజంగా బాధపడ్డాడు.

"పోదు. ముప్పై ఏడును నలభై రెండుతో కలుపుతాను. దీని గింజ, దాని కాండం వచ్చేలాగా."

"ఎన్నేండ్లు వడ్తది?" అడిగింది సాలమ్మ.

"ఐదారేళ్లు."

సాలమ్మ తనలో తను ఏదో లెక్క చూసుకుంది. "అప్పటికి నేను వంగుతనో లేదో," అంది. "పొట్టిగనే జెయ్యి బిడ్డా. మా కోడలు మస్తు పొడుగు, వంగుడు కష్టమైతది."

చంద్రయ్య నవ్వబోయి నడుము పట్టుకున్నాడు. గుట్ట మీద మబ్బు ఇంకొంచెం కిందికి దిగింది. పడిన చేను పడినట్టే ఉంది. అతను ఒకసారి దాని వైపు, ఒకసారి భార్య వైపు చూసి, తువ్వాలు విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు.

"నడువు," అన్నాడు. "వానొస్తది."

ముగ్గురూ ఒడ్డు వెంట ఒకరి వెనక ఒకరు ఊళ్లోకి నడిచారు.